కోరంగి మడల నుంచి హోప్ ఐలాండ్ దాకా: స్నేహితులతో ఒక రోజు ట్రిప్ ఎలా వేసుకోవాలి

అండమాన్ ఫొటోలు చూసి "మనం కూడా ఒక రోజు బోటెక్కి దీవులన్నీ తిరుగుదాం, స్నార్కెలింగ్ చేద్దాం" అని మన గోదావరి జిల్లాల కుర్రాళ్ళు అనుకోవడం చాలాసార్లు విన్నాను. బోట్లున్నాయి, దీవులున్నాయి, స్నేహితులున్నారు. స్నార్కెలింగ్ ఒక్కటే, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందకి చూడటం, ఇక్కడ కుదరదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మాస్కులు కొనుక్కుని ఉత్సాహంగా వచ్చి, నీళ్ళలో తల పెట్టి, టీ రంగు తప్ప ఇంకేమీ కనబడక ఉసూరుమన్న వాళ్ళని చూశాను.

కారణం గోదావరి తెచ్చే ఒండ్రు. పగడపు దిబ్బలు పెరగాలంటే నీళ్ళు తేటగా, ఉప్పగా, వెచ్చగా ఉండాలి, ఎండ అడుగుదాకా దిగాలి. ఇక్కడ నది మంచినీళ్ళూ బురదా కలిపి సముద్రంలో పోస్తుంది. ఆ బురదే మన కోనసీమని కట్టింది, లంకల్లో అరటీ కొబ్బరీ పండిస్తున్నది. కాబట్టి దాని మీద ఫిర్యాదు లేదు.

పైగా ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. పాటు వేళ మన తీరంలో నీళ్ళు వెనక్కి వెళ్ళిపోతే, అంతసేపూ వాటి కింద దాక్కున్నదంతా చాలా దూరం దాకా బయటపడుతుంది. మనం నీళ్ళ కిందకి దిగక్కర్లేదు, నీళ్ళు తీసేదాకా ఆగితే చాలు. పెరిగే నీటిని పోటు అంటారు, తగ్గే నీటిని పాటు అంటారు. ఈ ట్రిప్ మొత్తం ఆ రెండింటి మీద నడుస్తుంది. సెలవు చూసుకుని పోటు సంగతి మర్చిపోతే రోజంతా పాడవుతుంది. మాకు ఒకసారి అలాగే అయింది, కింద చెప్తాను.

రోజు ఎంచుకోవడం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ తట్టుకోగలం, వలస పక్షులు ఉంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా బోటు ఆలోచన పెట్టుకోకండి. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. టీవీలో మొదటి హెచ్చరిక అన్న మాట వినబడిందంటే కింద లంకల్లో పరిస్థితి మారిపోతున్నట్టే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫానుల నెలలు కూడా. 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుఫాను చూసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే వాళ్ళే మిమ్మల్ని ఆపేస్తారు. వాళ్ళ మాట వినండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, సముద్రం పరిస్థితి ముందుగానే చెప్తుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూసుకోండి.

నెల తేలాక పోటు లెక్క. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య దాదాపు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అంటే పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇవాళ ఎనిమిదికి పోటయితే రేపు తొమ్మిదికి కాస్త ముందు. ఈ చిన్న లెక్కలో పనికొచ్చే కిటుకు ఒకటుంది. వారం తిరిగేసరికి ఇంచుమించు ఆరు గంటలు జరుగుతుంది కాబట్టి, ఈ ఆదివారం పొద్దున్న పోటు ఉంటే వచ్చే ఆదివారం అదే వేళకి పాటు ఉంటుంది. అందుకని ఒక ఆదివారం తప్పిపోతే పై ఆదివారానికి మార్చకండి, ఆ పైదానికి మార్చండి. రెండు వారాలకి వేళలు మళ్ళీ దగ్గరకొస్తాయి.

మీకు కావలసింది పొద్దున్న ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నిండు పోటు ఉండే రోజు. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి లోపల నిండు పాటు వస్తుంది. పొద్దున్న నీళ్ళు నిండుగా ఉంటే బోటు హాయిగా తిరుగుతుంది, మధ్యాహ్నం బురద బయటపడితే కాలినడకన చూడొచ్చు. అమావాస్య, పున్నమి దగ్గర రోజుల్లో పోటు బాగా ఎక్కి, పాటు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర రోజుల్లో ఆ తేడా తక్కువ. క్యాలెండర్‌లో అమావాస్య, పున్నమి దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టి, కాకినాడ పోటు వేళలు చూపించే ఏదైనా యాప్‌తో సరిచూసుకోండి. ఆ తర్వాత సరంగుని, అంటే బోటు నడిపేవాణ్ణి, అడిగి ఖాయం చేసుకోండి. యాప్‌కీ సరంగుకీ తేడా వస్తే నేను సరంగు మాటే వింటాను.

అనుమతి, బోటు, సరంగు

హోప్ ఐలాండ్ అంటే కాకినాడ ఎదురుగా సముద్రంలోకి సాగిన పొడవాటి ఇసుక దిబ్బ. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర నది పోసిన ఇసుకని అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోయి కట్టిన దీవి ఇది. కాకినాడ రేవుకి గోడలా అడ్డం నిలబడి పెద్ద అలల్ని ఆపుతున్నది ఇదే. దాదాపు 18 కిలోమీటర్ల ఈ ఇసుక దిబ్బ కోరంగి అభయారణ్యంలో భాగం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. అందుకని ఇక్కడ దిగడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. బోట్లు ఒక్కోసారి వారాల తరబడి ఆపేస్తారు. ముందు రోజు ఫోన్ చేసి, "రేపు బోటు ఉందా? దీవి మీద దిగనిస్తున్నారా?" అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. బోటు ఉండీ దిగనివ్వని రోజులు ఉంటాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకే వస్తాయి. ఆ రోజుల్లో ఎక్కడ నడవమంటే అక్కడే నడవండి. రాత్రి ఉండిపోయి చూద్దామన్న ఆలోచన అసలు వద్దు. టార్చి వెలుగు పడితే పైకొచ్చిన తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది.

చేపల వేటకెళ్ళే పడవవాళ్ళతో "ఓ వెయ్యి ఎక్కువిస్తాం, తీసుకెళ్ళు అన్నా" అని బేరమాడకండి. జనాన్ని ఎక్కించుకోవడానికి లైసెన్సు ఉన్న బోటే ఎక్కండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలల్లో ఖాళీగా ఉన్న పడవలు కనబడతాయి, మనసు లాగుతుంది. వద్దు. లైఫ్ జాకెట్టు మనిషికొకటి ఉందో లేదో ఎక్కకముందే లెక్కపెట్టండి. బకిల్స్ పడుతున్నాయో లేదో లాగి చూడండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తూ కచ్చులూరు దగ్గర మునిగిన బోటు సంగతి గోదావరి వాళ్ళెవరూ మర్చిపోలేదు. ఉక్కగా ఉందని, ఫొటోలో బాగోదని జాకెట్టు విప్పే స్నేహితుడుంటే మొహమాటపడకండి. "వేసుకోకపోతే బోటు కదలదు" అని మీరే చెప్పండి.

బోటు మాట్లాడేటప్పుడు మనిషికింత అని కాకుండా బోటుకింత అని, అందులో దీవి దగ్గర ఎంతసేపు ఆగుతారో కూడా కలిపి మాట్లాడుకోండి. ఎనిమిది నుంచి పది మంది అయితే బాగుంటుంది. అంతకు మించితే ఎవరో ఒకరు ఆలస్యం చేస్తారు, ఇక్కడ ఆలస్యం ఖరీదైనది.

మా సంగతి ఇప్పుడు చెప్తాను. తొమ్మిది మందిమి. పొద్దున్న ఆరున్నరకి రేవు దగ్గర ఉండాలి. ఒకడు రాజమండ్రి నుంచి రావాలి, టిఫిన్ దగ్గర ఆగాడు. మేం కదిలేసరికి ఎనిమిదిన్నర. దీవి మీద కూర్చుని ఆ పోయిన రెండు గంటలూ వసూలు చేసుకుందామనుకున్నాం. సరంగు రెండుసార్లు వచ్చాడు. "నీళ్ళు లాగేత్తన్నాయండి బాబూ, లేవండి" అన్నాడు. "ఇంకో పది నిమిషాలు బాబాయ్" అన్నాం. తిరిగొచ్చేటప్పుడు క్రీకు (మడల మధ్య పాయ) మొదట్లో బోటు అడుగు మెత్తగా దేన్నో ఒరుసుకున్నట్టయి ఆగిపోయింది. ఆయన గెడ తీసి ముంచి చూశాడు. మోకాలి లోతు కూడా లేదు, గెడ చివర నల్లటి బురద. ఇంజను ఆపేసి, "ఆయ్, ఇంక పోటొచ్చేదాకా ఇంతేనండి" అని కూర్చున్నాడు. మూడు గంటలు. నడినెత్తిన ఎండ, తొమ్మిది మందికి మిగిలినవి రెండు సీసాల నీళ్ళు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, తన మజ్జిగ సీసా కూడా మాకే ఇచ్చేశాడు. ఆ రోజు నుంచీ సరంగు లేవమన్న నిమిషానికే లేస్తాను.

ఏం పట్టుకెళ్ళాలి

నీళ్ళు మనిషికి కనీసం మూడు లీటర్లు, పెద్ద క్యాన్లలో. చిన్న ప్లాస్టిక్ సీసాలు అడవిలోకి వద్దు. తినడానికి పులిహోరని మించింది లేదు. చింతపండు పులుపుకి మధ్యాహ్నం దాకా చెడదు, చేత్తో తినొచ్చు. పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది, చేపల కూర అసలు వద్దు. తీపికి కాకినాడ గొట్టం కాజా సరిపోతుంది. పూతరేకులు మాత్రం తేకండి, సముద్రపు గాలి తేమకి మెత్తబడిపోతాయి. అంత మంచి ఆత్రేయపురం పూతరేకు అలా అయిపోతే మనసు చివుక్కుమంటుంది.

కాళ్ళకి వెనక పట్టీ ఉండే చెప్పులు కావాలి. హవాయి చెప్పుల్ని బురద లాగేసుకుంటుంది, ఇక దొరకవు. ఒట్టి కాళ్ళతో నడిస్తే బురదలోని గుల్లలు బ్లేడులా కోస్తాయి. ఫోన్లకి జిప్ కవరు, తలకి తువ్వాలు, ఒక జత పొడి బట్టలు, గాయానికి కట్టు. చేతిలో కొంత నగదు కూడా ఉంచుకోండి, నీళ్ళ మీద సిగ్నల్ పోతే ఫోన్‌పే పనిచేయదు. దీవి మీద బాత్‌రూములు ఉంటాయని లెక్క వేసుకోకండి, రేవు దగ్గరే ఆ పని చూసుకుని ఎక్కండి. ఆడవాళ్ళు కూడా వస్తుంటే ఈ సంగతి ముందుగా చెప్పాలి.

ఆ రోజు

పొద్దున్న పోటుకి గంటా గంటన్నర ముందు బోటు కదలాలి. నిండు పోటులో మడ అడవి వేరుగా ఉంటుంది. చెట్లు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉంటాయి, కొమ్మలు బోటుకి తగులుతుంటాయి. కొమ్మలు పట్టుకుని లాగకండి. వాటిలో తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఇంజను శబ్దం తగ్గించమని సరంగుని అడగండి. కొంగలు, లకుముకి పిట్టలు, గరుడ పక్షులు దగ్గర్లోనే కనబడతాయి. నీటికుక్కలు కనబడితే అదృష్టం. చేపలు పట్టే బావురుపిల్లి కూడా ఈ అడవిలోనే ఉంది కానీ అది రాత్రి తిరిగే జీవి, దాని అడుగులు బురదలో కనబడినా చాలు.

దీవి చేరాక అటు సముద్రం వైపు చూడండి, దిగకండి. అటు లోతు ఎక్కడ మొదలవుతుందో తెలియదు, లాగుడు ఎక్కువ. నదీ మొగల దగ్గరైతే పాటు వేళ నదీ సముద్రమూ కలిసి ఒకే వైపుకి లాగుతాయి, ఎంత ఈతగాడికైనా వల్ల కాదు. నీళ్ళలో ఆడుకోవాలనుకుంటే కాకినాడ వైపు, సరంగు చూపించిన చోట, నడుం లోతు దాటకుండా, జాకెట్టుతో. అడుగులు ఎత్తి వేయకండి, ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేప ఉంటే ఆ కదలికకి తప్పుకుంటుంది. దాని తోక ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నిండు పోటు దాటిన రెండు గంటల్లోపు తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. ఒడ్డుకొచ్చి భోజనం చేసి, కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో చొల్లంగి దాటాక కోరంగి చెక్క వంతెన దగ్గరకి చేరండి. ఇక్కడికి మధ్యాహ్నం నిండు పాటుకి రావాలి. చాలామంది ఏ వేళకి పడితే ఆ వేళకి వచ్చి, ఫొటోలు దిగి, "ఏముంది, చెట్లే కదా" అని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. వంతెన మీద ఒక చోట కూర్చుని పది నిమిషాలు కదలకుండా కిందకి చూడండి.

మొదట బురద ఒక్కటే కనబడుతుంది. అందులోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి లేచి ఉంటాయి. అవి మడ చెట్ల ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేరుని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. స్నార్కెల్ గొట్టం చేసే పనే అది. మూడో నిమిషానికి బురదలో చిన్న చిన్న కన్నాలు కనబడతాయి. ఒక కన్నంలోంచి పీత బయటికొస్తుంది. ఒక డెక్క చిన్నది, ఒక డెక్క తన ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద డెక్క ఎత్తి పిలుస్తున్నట్టు ఊపుతుంది. అది మగ పీత, ఆడ పీత కోసం ఊపుతున్నది. మీ నీడ కదిలితే వందల పీతలు ఒక్కసారిగా లోపలికి పోతాయి. మళ్ళీ ఆగితే మళ్ళీ వస్తాయి.

ఆ తర్వాత వేలెడంత చేప ఒకటి బురద మీద గెంతుతుంది. చేపే, కప్ప కాదు. కళ్ళు నెత్తిమీద ఉంటాయి, ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి పాకుతుంది. మొప్పల్లో నీళ్ళు పట్టి ఉంచుకుని, తడి చర్మంతో కూడా గాలి పీలుస్తూ నీళ్ళ బయట తిరుగుతుంది. పొడిబారకుండా మధ్యమధ్యలో పక్కకి పొర్లి ఒంటికి తడి బురద పట్టించుకుంటుంది. ఒకసారి రెండు చేపలు ఎదురెదురుగా వచ్చి వీపు మీది రెక్క విప్పి, నోళ్ళు తెరిచి, అరచేతి వెడల్పు బురద కోసం దెబ్బలాడుకోవడం చూశాను. మాలో అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాడు కూడా ఆ ఐదు నిమిషాలూ నోరెత్తలేదు.

మాస్కులు కొన్నవాళ్ళ కోసం

ముందే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. నడుం లోతులో నిలబడి గొట్టంతో ఊపిరి తీయడం ఇక్కడే నేర్చుకుంటే, అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్ళిన రోజు కంగారు ఉండదు. పట్టీ తగిలించకుండా మాస్కుని ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసేసినా అంటుకుని ఉంటే అది మీకు సరిపోయింది. జారిపోతే సైజు కాదు. అద్దం ఆవిరి పట్టకుండా లోపలివైపు ఉమ్మి రాసి నీళ్ళతో ఒకసారి కడగండి. ముఖం నీళ్ళలో పెట్టి నోటితో నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీయండి. గొట్టంలోకి నీళ్ళొస్తే "తూ" అని ఒక్క ఊపున గట్టిగా ఊదితే బయటికి పోతాయి. ఇది పదిసార్లు చేస్తే భయం పోతుంది. కళ్ళకి ఏమీ కనబడదు, ఊపిరి మీదే ధ్యాస ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి అదీ మంచిదే.

బోటు ఆగిపోతే

గాలి ఎక్కువుందని పొద్దున్నే బోటు రద్దు చేశారనుకోండి. వాళ్ళతో గొడవ పెట్టుకోకుండా బండ్లు దక్షిణానికి తిప్పండి. కోటిపల్లి రేవులో పంటు తిరుగుతోందో లేదో కనుక్కుని, బండ్లతో సహా పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. అక్కణ్ణుంచి అయినవిల్లి మీదుగా అమలాపురం, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన, అటు నుంచి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం అయ్యాక, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడవండి. ఒక్క రోజులో మూడు పాయలు చూసినట్టు. మన పెద్దవాళ్ళు చొల్లంగి అమావాస్యకి చొల్లంగిలో స్నానం చేసి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ దాటుకుంటూ అంతర్వేదికి చేరే సప్తసాగర యాత్ర ఈ నేల మీదే. వాళ్ళకి ఇన్ని వంతెనలు లేవు, రేవు రేవుకీ పడవే.

తిరిగొచ్చాక

రేవులో దిగగానే తలకాయలు లెక్కపెట్టండి. చెత్త సంచీ మీతోనే పట్టణం దాకా రావాలి, రేవులో వదిలితే రాత్రి పోటుకి మళ్ళీ మడల్లోకే పోతుంది. కాళ్ళు మంచినీళ్ళతో కడుక్కుని వేళ్ళ సందుల్లో చూసుకోండి, గుల్ల కోసిన చోటు ఉంటే అప్పుడు తెలియదు, మర్నాటికి వాస్తుంది. ఆ రోజే మందు రాయండి. యానాం దగ్గరే కాబట్టి సాయంత్రం గౌతమి గట్టు మీద కూర్చోవచ్చు. దసరా దాటి దీపావళి రోజుల్లో అటు వెళ్తే చీరమేను (బుల్లి చేపపిల్లలు) అమ్ముతున్నారేమో అడగండి, ఇంటికి పట్టుకెళ్తే అమ్మ వండుతుంది.

మాట్లాడుకున్న డబ్బు సరంగు చేతిలో పెట్టి, ఆయన నంబరు ఫోన్లో వేసుకోండి. వచ్చేసారి యాప్ చూసేముందు ఆయనకే ఫోన్ చేసి అడగొచ్చు, "బాబాయ్, వచ్చే ఆదివారం పోటెన్నింటికి?" అని.